సముద్రం మీద సన్యాసం

“ఇకమీదట ఈ రాష్ట్రంలో అమ్మ సంతకం లేనిదే ఆడపిల్ల జీవితంలో ఆకు కూడా కదలదు!” అని స్త్రీ సంక్షేమ, క్రీడా శాఖల మంత్రివర్యులు శ్రీ ఎల్లారావు గారు గాజువాక జంక్షనులో ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. సభకి వెళ్ళలేదు, బస్సు కోసం నిలబడ్డాను. బస్సుకి బదులు మంత్రిగారు వచ్చారు.

తొంభై ఏడో సంవత్సరం, మండే ఎండాకాలం. “అమ్మే ఆది, అమ్మే అంతం! మధ్యలో ఏముంది? మధ్యలోనూ అమ్మే!” అన్నారు మంత్రిగారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం, ఎండకి ఆయన కళ్ళు తిరిగి పడిపోతారేమో, మైకు తీగ తగిలి షాకు కొడుతుందేమో అని ఒకటే భయం. అంతటి మనిషికి ఏమైనా అయితే మా ఆడవాళ్ళ గతేమిటి?

పథకం పేరు ‘అమ్మకే అగ్రపీఠం’. ఆటపాటల్లో రాణించే ఆడపిల్లల్ని ప్రభుత్వమే ఢిల్లీ శిబిరానికి పంపించి ఏడాదిపాటు తిండీ చదువూ శిక్షణా ఇస్తుంది. పంపేముందు బీచిరోడ్డులో సభ పెడతారు. వేదిక మీద పెద్ద ముఖమల్ కుర్చీ వేసి అందులో అమ్మని కూర్చోబెడతారు. అమ్మ అందరిముందూ సంతకం పెడుతుంది. ఆ సాయంత్రమే పిల్లలు రైలెక్కుతారు.

మా నాగశ్రీ బరువులెత్తుతుంది. నిండు గ్యాసు సిలిండరుని సందు మొదటి నుంచి వంటగది దాకా ఒంటిచేత్తో తెస్తుంది. నడుం పట్టేస్తుందే, రేపు నీ గతేమిటే అని నేను వెనకాలే నడుస్తాను. మా పేట వ్యాయామశాలలో ఉన్నది ఒక్కటే రాడ్డు. దానికి తుక్కు ఇనుముతో పోత పోయించిన చక్రాలు. కుడివైపుది ఎడమవైపుదానికన్నా తేలిక. పిల్ల ఎత్తినప్పుడల్లా ఎడమ భుజం టక్కుమంటుంది. “ఇంకో ఏడాది వీటితో ఎత్తించామంటే భుజం పోతుందమ్మా. ఢిల్లీ పంపించీయండి” అన్నారు అక్కడి మాస్టారు. ఢిల్లీలో చలి, రైల్లో దొంగలు, తెలియని భాష. ఇక్కడ భుజం. రెండు భయాల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఢిల్లీయే కాస్త చిన్న భయంలా కనిపించింది.

పైగా కావలసింది అమ్మ సంతకం. అమ్మని నేను ఇంట్లోనే ఉన్నాను.

మావారు సీతారామాంజనేయులు గారు ఇంట్లో ఉండరు. మాది గోదావరి జిల్లా. ఆయన పెళ్ళయిన కొత్తలో ఓడ ఇంజను గదిలో పనికి కుదిరి, నన్ను విశాఖపట్నంలో దించి తాను నీళ్ళ మీదకి వెళ్ళిపోయారు. ఓడెక్కారంటే ఏడాదికో ఏడాదిన్నరకో గాని దిగరు. హార్బరులో తుఫాను నంబరు ఎగరేసినప్పుడల్లా నేను ఉపవాసం ఉంటాను. ఆయన ఓడ అప్పుడు బ్రెజిల్ దగ్గర ఉంటుందని మా అమ్మాయి మ్యాపులో చూపిస్తుంది. ఉంటే ఉండనీ, నీళ్ళన్నీ ఒకటే కదా.

పథకం సంగతి చూసిపెడతానని నన్ను ఆఫీసుకి తీసుకెళ్ళినవాడు గవర్రాజు. మా వార్డులో పార్టీ మనిషి. జెండా కట్టడం నుంచి రేషను కార్డు దాకా అన్నీ అతనే.

“నువ్వేటీ గాబరా పడకు వదినా. మినిస్టరుగోరు మైకులో సెప్పీసినారు. సంతకం పెట్టీసి వొచ్చీడవే” అన్నాడు.

ఆఫీసు గోడ మీద నిలువెత్తు అమ్మ బొమ్మ ఉంది. ఆ బొమ్మ పాదాల దగ్గర, కుర్చీలో, ప్రత్యేకాధికారి గారు ఉన్నారు.

“పిల్ల గార్డియన్ రావాలి మేడమ్.”

“నేనేనండి. తల్లిని.”

“తల్లి సరే. గార్డియన్ ఎవరు?”

నాకు తెలియకుండా ఇన్నేళ్ళూ మా అమ్మాయిని ఇంకెవరైనా పెంచుతున్నారా అనిపించింది.

అధికారి గారు ఎంతో ఓపికగా వివరించారు. యాభై ఆరు నాటి చట్టం. మైనరు పిల్లకి సహజ సంరక్షకుడు తండ్రి. ఆయన తరువాత తల్లి. “తరువాత అని క్లియర్‌గా ఉంది మేడమ్. మీవారు ఉన్నారా?”

“ఉన్నారండి.”

“అయ్యో” అన్నారు ఆయన, నిజంగా బాధపడుతూ.

“ఓడ మీద ఉన్నారు.”

“ఓడ మునిగిందా?” అని కొంచెం ముందుకి వంగారు.

నేను ప్రతి సాయంత్రం దీపం ముందు కూర్చుని వణుకుతూ అడిగే ప్రశ్న అది. ఒక గెజిటెడ్ ఆఫీసరు అంత ఆశగా అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు. లేదండి అన్నాను. ఆయన వెనక్కి వాలిపోయారు.

“మరి మినిస్టరుగోరు అమ్మ సంతకమన్నారు గదండీ?” అని గవర్రాజు కలగజేసుకున్నాడు.

“ఎవరు కాదన్నారు? అమ్మ సంతకం ఉంది. అది స్టేజి మీద. సెరిమోనియల్. ఫైల్లో తండ్రి సంతకం ఉండాలి. ఇది లీగల్. ఇది లేకుండా అది పెట్టకూడదు.”

“ఉత్తరం రాయించి తెప్పిస్తానండి” అన్నాను.

“నా ఎదుట పెట్టాలి మేడమ్. పోనీ నేనే ఓడ దగ్గరికి వెళదామంటే టి.ఏ. రూల్సు ఒప్పుకోవు.” కాసేపు ఫైలు తిరగేసి, గొంతు తగ్గించారు. “ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇద్దరికీ పెళ్ళయిందా?”

“అయ్యో రామ! అన్నవరంలో, అందరి ముందూ అయిందండి!”

“అదే చిక్కు. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లకైతే అదే చట్టంలో మొదటి గార్డియన్ తల్లే. ఒక్క నిమిషంలో అయిపోయేది. మీ తరఫున పెళ్ళి చేసుకోవడమన్నది జరిగిపోయింది గనక నేను చెయ్యగలిగిందేమీ లేదు.”

“ఆడకూతురితో అయ్యేం మాటలు బాబూ?” అని గవర్రాజు లేచాడు.

“నా మాటలు కావండీ. పార్లమెంటు మాటలు” అని అధికారి గారు కూడా గౌరవంగా లేచి నిలబడ్డారు.

ఇంటికి వచ్చాక నాగశ్రీ ఏమైందని అడిగింది. నాన్న సంతకం కావాలిట అన్నాను. పిల్ల వ్యాయామశాలకి వెళ్ళింది. భుజానికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగొచ్చింది.

మర్నాడు గవర్రాజు నన్ను గెస్టుహౌసుకి తీసుకెళ్ళాడు. మంత్రిగారు స్టూలు మీద కాళ్ళు పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. మైకు లేనప్పుడు ఆయన మనలో మనిషిలాగే మాట్లాడతారు.

“ఏట్రా గవర్రాజూ, ఏటి గోల?”

గవర్రాజు చెప్పాడు. మంత్రిగారి కళ్ళు ఎర్రబడ్డాయి. “నా పథకంలో తల్లికి సంతకం నేదా? ఎవుడ్రా అన్నాడు?”

“చట్టం అన్నదండి” అని పి.ఏ. గారు పుస్తకం తెరిచారు. తండ్రి ఉండగా తల్లికి హక్కు రావాలంటే దారులు తక్కువ. తండ్రి పోవాలి. లేదా హిందువు కాకుండా పోవాలి. లేదా ప్రపంచాన్ని విడిచిపెట్టి సన్యాసి అయిపోవాలి. చట్టంలో అలాగే రాసి ఉందిట. సన్యాసికి పిల్లల మీద హక్కుండదు.

“సావొద్దు” అన్నారు మంత్రిగారు వెంటనే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత దయ! “సావంటే శవాన్ని సూపించమంతారు. మతం మార్పిద్దామంటే ఎలచ్చన్లు దగ్గరకొచ్చీసినాయి, అటోళ్ళు ఇటోళ్ళు ఇద్దరూ కొడతారు. సన్నాసం సులువు. సన్నాసం ఇచ్చీద్దాం.”

“ఆయన్ని అడగకుండా ఎలాగండీ?” అన్నాను.

“ఏటమ్మా, నీకు పెళ్ళి సేసినపుడు నిన్నడిగినారా?”

అడగలేదు. స్త్రీల సమస్యల మీద మంత్రిగారికి ఉన్న అవగాహన అటువంటిది.

అయినా నా భయాలు నావి. ఆయన సన్యాసి అయితే నా బొట్టు మాటేమిటి? మట్టెలు తీయాలా? శ్రావణమాసం పేరంటానికి నన్ను పిలుస్తారా? అన్నీ మంత్రిగారినే అడిగేశాను.

“అన్నీ ఉంచుకోమ్మా. ఆయన దిగీవరకే ఈ సన్నాసం.”

“చట్టంలో ‘పూర్తిగా, శాశ్వతంగా’ అని ఉందండి” అని పి.ఏ. గారు గుర్తుచేశారు.

“అలాగే రాయండి. పూర్తిగా, శాశ్వతంగా, ఓడ దిగీవరకు.”

సన్యాసానికి విచారణ జరగాలి. ప్రత్యేకాధికారి గారే జీపులో మా ఇంటికి వచ్చారు. సాక్షి కావాలంటే మా పక్కవాటా పైడితల్లిని పిలిచాను. హార్బరులో చేపలు కొని పేటలో అమ్ముకునే మనిషి. బుట్ట దించి అరుగు మీద కూర్చుంది.

“సీతారామాంజనేయులు గారు గృహంలో నివసిస్తున్నారా?”

“ఎక్కడుంతాడు బాబూ? సుట్టంలాగ ఒత్తాడు, సుట్టంలాగ ఎల్తాడు.”

“గృహత్యాగం” అని అధికారి గారు రాసుకున్నారు. “ఆహార నియమాలు?”

“ఓడ మీద ఏటి తింతాడో మనకేటి తెలుసు? ఒచ్చినపుడు మాత్తరం నా కాడ వంజరం ముక్కలు…”

“అది రాయక్కర్లేదు. వేషధారణ?”

నేను ఆయన ఆమధ్య పంపిన ఫొటో తెచ్చాను. ఇంజను గదిలో తీసింది. చొక్కా లేదు. గడ్డం పెరిగింది. మెడలో తువ్వాలు. వెనకాల ఏదో మూత తెరిచి ఉండి లోపల ఎర్రగా మండుతోంది.

“అగ్నిహోత్రం ఎదుట” అని రాసుకున్నారు. “పిల్ల ఏ తరగతో ఆయనకి తెలుసా?”

“ఆయనకా!” అని పైడితల్లి బుగ్గలు నొక్కుకుంది. “కిందటేపు ఒచ్చినపుడు ఐదో క్లాసు పుస్తకాలు కొనుకొచ్చీసినాడు. గుంట అప్పుడు ఏడు సదువుతంది.”

“పుట్టిన తేదీ?”

“ఏ నెలో కూడా తెల్దు.”

“సంతాన విరక్తి!” అధికారి గారి ముఖం వెలిగిపోయింది. “ఇది చాలు. దీనిమీద ఎవరూ అప్పీలుకి కూడా వెళ్ళలేరు.”

“మరి బాబూ, మీ పిల్ల పుట్టిన్రోజు మీకు తెలుసా?” అంది పైడితల్లి.

కలం ఆగింది. అధికారి గారు మా చూరు వైపు చూశారు. తరువాత జీపు వైపు చూశారు. “నన్ను విచారిస్తున్నావా?”

“నేదు బాబూ, ఊరికినే అడిగినాను. మా ఆయనకీ తెల్దు. అలాగైతే మా ఈది పొడుగునా ఆశ్రమాలే.”

అధికారి గారు ఫైలు మూశారు. నాగశ్రీ అప్పుడే సిలిండరుతో లోపలికి వస్తోంది. “అమ్మా, నాన్న సన్యాసి అయితే నేను ఢిల్లీ వెళ్తానా?” అని అడిగింది. వెళ్తావే అన్నాను. “నాన్నకి ఈ సంగతి ఎవరు చెప్తారు?” అంది. సిలిండరు కాలి మీద పెట్టుకోకు అని కేకేశాను.

సభ రోజు వచ్చింది. పొద్దున్న హార్బరులో ఒకటో నంబరు ఎగరేశారు. అది చిన్న హెచ్చరికే అంటారు గాని పెద్దవన్నీ చిన్నగానే మొదలవుతాయి. నేను మంచినీళ్ళు కూడా ముట్టకుండా, నాగశ్రీనీ దాని ట్రంకుపెట్టెనీ తీసుకుని బీచిరోడ్డుకి చేరాను.

వేదిక వైపు చూశాను. ముఖమల్ కుర్చీ పక్కన మావారి ఫొటో. తలుపంత పెద్దది చేయించారు. మెడలోని తువ్వాలుకి కాషాయం రంగు వేశారు. నుదుట కుంకుమ పెట్టి, నిలువెత్తు చామంతి దండ వేసి, అగరొత్తులు వెలిగించారు. ముందు వరసలో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు నా చేతులు పట్టుకుని, “ఎప్పుడు పోయారమ్మా?” అని కళ్ళొత్తుకున్నారు.

నేను వేదిక మీదకి పరుగెత్తి దండ లాగేశాను. “బతికున్న మనిషి ఫొటోకి దండేమిటయ్యా! ఆయన నీళ్ళ మీద ఉన్నారు!”

“ఓలమ్మ, సన్నాసులకి దండెయ్యరా వదినా?” అన్నాడు గవర్రాజు. “మీ గోదారోళ్ళకి అన్నీ అనుమానాలే!”

అగరొత్తులు తీయించి దండ నా చేతిలోనే పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. కుర్చీ మెత్తగా ఉంది. కాళ్ళు నేలకి అందలేదు. కింద నాగశ్రీ తోటిపిల్లలతో నిలబడి ఉంది. వాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళే బస్సుకి అప్పటికే ఇంజను వేసి ఉంచారు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. “ఒక తల్లి సంతకం కోసం ఒక తండ్రి సన్యసించాడు! ప్రపంచంలో ఎక్కడైనా విన్నారా? సంసారాన్నే కాదు, సప్తసముద్రాలనీ దాటిన మహనీయుడు శ్రీ సీతారామాంజనేయులు గారు! ఇది స్త్రీ జాతి విజయం!” చప్పట్లు సముద్రం హోరుని మించిపోయాయి. ప్రత్యేకాధికారి గారు ఫైలు తెరిచి నా ఒళ్ళో పెట్టి, కలం ఇచ్చారు. “ఇప్పుడు మీరే గార్డియన్ మేడమ్. తమరు సంతకం చేయవచ్చు.”

తమరు అన్నారు. నేను చదివింది తక్కువ, అక్షరాలు ఒక్కొక్కటే దిద్దినట్టు రాస్తాను. ‘వెంకటరమ’ దాకా వచ్చాను.

“రమణా! ఏవిటిది? నా ఫొటో ఏవిటిక్కడ?”

తల ఎత్తి చూశాను. వేదిక ముందు మావారు. భుజాన సంచీ, చేతిలో సూట్‌కేసు, అదే గడ్డం. ఓడ ఇంజను చెడి బాగుచేయడానికి మన హార్బరుకే తెచ్చారుట. దిగి ఆటోలో ఇంటికి పోతూ, బీచిరోడ్డులో తన మొహమే తలుపంత కనిపిస్తే ఆగారుట. నేను ఎన్నో రకాలుగా ఆయనకి జరగరానివి ఊహించుకున్నాను గాని, ఆయన రావడమన్నది ఒక్కనాడూ ఊహించలేదు.

“స్వామీ!” అని మంత్రిగారు మెట్లు దిగి ఆయన కాళ్ళ మీద పడ్డారు. ఫొటోలవాళ్ళు చుట్టుముట్టారు. వేదిక మీది అధికారులంతా వరసగా వచ్చి ఆయన బూట్లు ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. “సీతారామానంద స్వామికీ…” అన్నాడు గవర్రాజు. “జై!” అన్నారు జనం. మావారు వచ్చినవాళ్ళందరికీ తిరిగి నమస్కారం పెడుతూ నిలబడ్డారు.

ప్రత్యేకాధికారి గారు మాత్రం డ్యూటీ మరిచిపోలేదు. మావారిని మెల్లగా వేదిక మీదకి తీసుకొచ్చి చెవిలో అడిగారు. “తమరు సన్యాసంలో కొనసాగుతారా అండి, సంసారంలోకి వస్తారా?”

“నేను ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకుని అన్నం తింటానండీ” అన్నారు మావారు.

“సంసారం” అని అధికారి గారు రాసుకున్నారు. “మేడమ్, కలం ఒకసారి ఇలా ఇప్పించండి.”

“ఇంకా రెండు అక్షరాలున్నాయండి.”

“అక్కర్లేదు. ఓడ దిగేశారు కదా.”

ఫైలు మావారి చేతికి వెళ్ళింది. నిలబడి రాయడం కష్టమని అధికారి గారు ఆయన్ని కుర్చీలో కూర్చోమన్నారు. నేను లేచాను. ఆయన కాళ్ళు నేలకి చక్కగా అందాయి. దండతో పాటు ఆయన సంచీ కూడా నేనే పట్టుకున్నాను. నేను అంతకాలం తిరిగిన పని, ఆయన రెండు గీతల్లో పూర్తిచేశారు. ఏం సంతకం పెట్టారో చూసుకోలేదు కూడా. “ఏమిటే ఇది?” అని పెట్టాక అడిగారు. “అమ్మాయి ఢిల్లీకి” అన్నాను. “ఎందుకూ?” అన్నారు.

“చిన్న చిన్న వివరాలు సార్” అన్నారు అధికారి గారు. “అమ్మాయి పుట్టిన తేదీ?”

మావారు నా వైపు చూశారు. నేను చెప్పాను. అధికారి గారు నా పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర ఉన్నారు. కలం ఎత్తి పట్టుకుని ఆగారు. మావారు చెప్పారు. అప్పుడు రాసుకున్నారు.

“తరగతి?”

“ఐదు” అన్నారు మావారు. నేను దగ్గాను. “కాదు, ఎనిమిది.”

“వెరీ గుడ్. పాతదెబ్బలు ఏమైనా?”

“భుజం” అన్నాను.

“భుజం” అన్నారు మావారు.

“ఏ భుజం సార్?”

ఆయన నా రెండు భుజాలనీ మార్చి మార్చి చూశారు. నేను ఎడమ చేయి కొంచెం కదిపాను. “ఎడమది” అన్నారు.

కింద బస్సు హారను కొట్టింది. పిల్లలు ఎక్కుతున్నారు. నాగశ్రీ ఒక్కతే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, ఎక్కమంటారా వద్దంటారా అన్నట్టు నా వైపే చూస్తూ నిలబడింది. మంత్రిగారు మళ్ళీ మైకు అందుకుని, “అమ్మే ఆది, అమ్మే అంతం! మధ్యలో ఏముంది?” అని అడుగుతున్నారు.

“చివరిది సార్” అన్నారు అధికారి గారు. “ఇది కొంచెం ముఖ్యం, ఇక్కడ తేడా వస్తే ఫైలు తిరిగొచ్చేస్తుంది. పుట్టినప్పటి నుంచీ పిల్ల ఆలనా పాలనా స్వయంగా చూసుకుంటున్నది ఎవరు?”

మావారు నా వైపు చూశారు.

“మీరే అనండి” అన్నాను.

“నేనే” అన్నారు ఆయన.

అధికారి గారు రాసుకున్నారు.